జంగయ్య పేరు మీద రెండో ఖాతా

"నేను ఆ ఫోన్ ముంగట కూసోను. ఒక్కసారి కాదు, నూరుసార్లు చెప్పిన."

జంగయ్య ఆ మాట గోడకేసి చూస్తూ అన్నాడు. అతని మంచానికి నాలుగడుగుల దూరంలోనే కోడలు ఝాన్సీ నిలబడి ఉంది. ఇద్దరి మధ్యన చాయ్ గిలాసతో నిర్మలమ్మ. తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో మామ మాట కోడలికి, కోడలి మాట మామకు నిర్మలమ్మ మీదుగానే చేరుతున్నాయి.

"అత్తమ్మా, పదకొండింటికి వాళ్లే చేస్తరని చెప్పు. పది నిమిషాల పని. ఆధార్ కార్డు చూపెట్టి, అడిగినదానికి జవాబు చెప్తే చాలు."

"ఇన్నవా?" నిర్మలమ్మ మొగుడి వైపు తిరిగింది.

"నాకేం చెవుడు రాలే."

"మరి లే. అంగీ తొడుక్కో. బనీను మీద కూసుంటవా ఏంది పట్నపోళ్ల ముంగట?"

"అంగీ ఎందుకు తొడుక్కోవాలె? ఈ సురంగల్‌ల పదేండ్లు సర్పంచ్ చేసిన. నా మీద ఒక్క కాయితం లేవలే. ఇయ్యాల నా పేరు మీద పత్తాలాట నడిచిందంటున్నరు. నేను ఫోన్ నొక్కుడే రానోన్ని. మరెవరు నొక్కిన్రు? ఈ ఇంట్ల పొద్దంత కంప్యూటర్ ముంగట కూసునేది ఎవరు? అడుగు, అడుగు."

నిర్మలమ్మ అడగలేదు. ఆమె అడిగేదాకా ఝాన్సీ ఆగనూ లేదు.

"నేనే చేసిన అంటున్నడా మామ?"

"నేను పేరు తీసిన్నా?" గోడతోనే అన్నాడు జంగయ్య.

మొదటి మూడు నాలుగు రోజులు ఝాన్సీ ఏడ్చింది. తర్వాత రెండు రోజులు అరిచింది. ఇప్పుడు ఆ రెండూ లేవు. ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని వసారాలోకి వెళ్లిపోయింది.

చాయ్ మీద మీగడ కట్టింది. నిర్మలమ్మ దాన్ని వేలితో తీసి పారేసి గిలాసను మొగుడి చేతిలో పెట్టింది.

ఆ పని చేసిందెవరో ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు. ఒకరు చేసినవాడు. రెండోది తను.

* * *

పూలగంప ఝాన్సీ మూడేళ్ల కిందట తయారు చేసిన యాప్. సురంగల్ నుంచి చేవెళ్ల దాకా ఉన్న పూలరైతులు, రేపు తాము ఎంత బంతి, ఎంత చామంతి కోస్తారో సాయంత్రమే అందులో పెడతారు. పట్నంలో పూలకొట్ల వాళ్లు అది చూసి తమకేం కావాలో చెప్తారు. తెల్లారేసరికి ఝాన్సీ మొగుడు హరీష్ ట్రాలీ, దానితో పాటు ఇంకో నాలుగు ట్రాలీలు ఎవరి గంప వాళ్ల కొట్టు ముందు దించి వస్తాయి. ఆరువందల మంది రైతులు. మార్కెట్లో దళారి ముందు చేతులు కట్టుకుని నిలబడే అవసరం వాళ్లకు మూడేళ్లుగా తప్పింది.

అది పోయింది. తొలి శ్రావణ శుక్రవారానికి రెండు రోజుల ముందు పోయింది. ఫోన్లో యాప్‌లు దొరికే స్టోర్ వాళ్లు ఒక మెయిల్ పంపారు. జంగయ్య ఆధార్ మీద, జంగయ్య నంబర్ మీద ఇంకో ఖాతా కూడా ఉందట. ఆ ఖాతాలోంచి పైసలు పెట్టి ఆడే పేకాట యాప్ ఒకటి నడిచిందట. కాబట్టి ఈ మనిషి పేరు మీద ఉన్న ఖాతాలన్నీ శాశ్వతంగా మూసేశారట. ఇక కొత్తవాళ్లకు పూలగంప దొరకదు. ఉన్నవాళ్ల ఫోన్లలో కూడా ఎర్ర అక్షరాలతో ప్రమాదం, తీసేయండి అని వస్తోంది.

పూలగంప ఖాతా జంగయ్య పేరు మీద ఎందుకుంది అంటే, ఆ ఇంట్లో అన్నీ ఆయన పేరు మీదే ఉంటాయి. భూమి, బోరు మోటారు కనెక్షన్, గ్యాసు, హరీష్ నడిపే ట్రాలీ, చిన్నకొడుకు బాలరాజ్ సిమ్ కార్డు దాకా. ఝాన్సీ ఖాతా తెరిచే రోజున "నా పేరే పెట్టు బిడ్డా, పెద్దోళ్ల పేరు మీద ఉంటే ఇంటికి బలం" అని ఆధార్ కార్డు తెచ్చి ఇచ్చింది జంగయ్యే. కోడలు యాప్ పెట్టిందని ఆ నెలంతా ఊరికి చెప్పుకున్నాడు కూడా.

ఆయన ఫోన్ మాత్రం ఆయన దగ్గర ఉండదు. చేనుకు తీసుకుపోతే బురదలో పడుతుందని వంటింట్లో పిండిడబ్బా మీద పెట్టి పోతాడు. దానికి ఏ నంబర్ వచ్చినా చదివి చెప్పేది నిర్మలమ్మ. ఏడో తరగతి దాకా చదివింది. అంకెలు బాగా వచ్చు. గ్యాసు వాళ్లకూ, బ్యాంకులో నిలబడిన పెద్దకొడుక్కూ, ఎవరు అడిగితే వాళ్లకు పొయ్యి ముందు నుంచే గట్టిగా చదివేది.

పోయిన కార్తీకంలో బాలరాజ్ గడపలో నిలబడి తల్లిని అడిగాడు. "అవ్వా, బాపు ఫోన్‌కు ఆరంకెల నంబర్ వస్తది, జర చెప్పు."

"గ్యాసుదా?"

"ఆ, గసొంటిదే."

ఆమె చెప్పింది. చెప్పి కూరలో ఉప్పేసింది. ఆరు రోజుల కింద, రెండో ఖాతా తెరిచిన తేదీ ఇదీ అని ఝాన్సీ బయటికి చదివేదాకా ఆ ముచ్చట మళ్లీ ఆమె బుర్రలోకి రాలేదు. వచ్చినప్పటి నుంచి పోలేదు.

* * *

తొమ్మిదిన్నరకు ఎంకపల్లి నుంచి పూలరైతు అంతయ్య వచ్చాడు. తలకు తువ్వాల, చేతిలో ఫోన్. చెప్పులు విడవకుండానే వసారా అంచున కూర్చున్నాడు.

"ఏం బిడ్డా, ఇంకెన్ని దినాలు నీ గంప బోర్లేసి పెడ్తవ్?"

"ఇయ్యాల మాట్లాడుతున్న పెదనాయనా. వాట్సాప్‌ల పంపిన గదా ఫైలు, అది ఎక్కిచ్చుకుంటే అయితది. స్టోర్‌తోని పని లేదు."

"ఎక్కిస్తే ఎర్రగ రాసి వస్తున్నది. నీ ఫోన్ ఖరాబైతది, నీ బ్యాంకు సంగతి నువ్వే చూస్కో అని. మా మనుమరాలు పింకీ చదివి చెప్పింది. ఝాన్సక్క పంపింది గదనే అంటే, అక్క పంపినా ఎవరు పంపినా ఇదే మాట వస్తది తాతా అంటున్నది."

"నేను నీ పైసలు ఎత్తుకపోతనా?"

"నువ్వు ఎత్తుకపోవు బిడ్డా. ఎత్తుకపోయేటోళ్లెవరో నాకు తెల్సు." అంతయ్య నవ్వాడు. నవ్వు తొందరగానే ఆగిపోయింది. "స్టోర్ల పూలగంప అని కొడితే ముందుగాల్ల ఇంకోటి వస్తున్నది. పది నిమిషాల్ల పూలు అంట. వాళ్ల వ్యాను నిన్నటిసంది మొయినాబాద్ చౌరస్తల నిలవడ్తున్నది. ఇయ్యాల పొద్దుగాల నేను రెండు గంపలు వాళ్లకే ఏసిన."

ఝాన్సీ ఫోన్ తీసుకుని స్టోర్ తెరిచి చూసింది.

"కోపం చెయ్యకు. కోసిన పూలు ఇంట్ల పెట్టుకొని ఏం చెయ్యాలె? వాడు తూకంల కోస్తున్నడు. వడిలిందని కొంత, చిన్నగున్నదని కొంత. నువ్వున్నప్పుడు గిట్ల లేకుండె."

"ఇంకో నెల చూడు, రేటు కూడ కోస్తడు."

"తెల్సు. గందుకే నీ దగ్గర్కి వచ్చిన. నీ మామ సర్పంచ్ చేసిండు గదా, ఎవలతోనన్న చెప్పించరాదు?" అన్నాడు అంతయ్య.

లోపల మంచం కిర్రుమంది. జంగయ్య అటు తిరిగి పడుకున్నాడు.

* * *

పదింటికి హైదరాబాద్ నుంచి వకీలు వరప్రసాద్ ఫోన్ చేశాడు. చిన్నచిన్న యాప్‌లు నడిపే వాళ్లందరినీ కూడగట్టి, స్టోర్ వాళ్ల మీద, పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని విచారించే ఢిల్లీ పోటీ కమిషన్‌లో ఫిర్యాదు వేసింది ఆయనే. ఝాన్సీ స్పీకర్ పెట్టింది. నిర్మలమ్మ చేటలో బియ్యం పట్టుకుని పక్కన కూర్చుంది.

"చూడమ్మా, ఇదొక్కటే చాన్స్. ఎప్పుడూ మెషిన్ జవాబే వస్తది వాళ్ల దగ్గర్నుంచి. మన ఫిర్యాదు కమిషన్ల ఉన్నది కాబట్టి ఈసారి మనిషిని కూసోబెడ్తున్నరు. వాళ్లు అడిగేది ఒక్కటే, రెండో ఖాతా ఎవరు తెరిచిన్రు? తెల్వదు అన్నరనుకో, మొదటి ఖాతా నడిపేటోళ్లే తెరిచిన్రని రాసేసుకుంటరు. అప్పుడు నీ పేరు మీద గూడ మల్ల జన్మల యాప్ పెట్టనియ్యరు."

"తెల్వనిది ఎట్ల చెప్పాలె సార్?" అంది ఝాన్సీ.

నిర్మలమ్మ చేటలోంచి ఒక రాయి ఏరింది. చేతిలోనే పెట్టుకుంది.

"వకీలు సాబ్, నేను ఝాన్సీ అత్తను. ఒకటి అడుగుత. ఈ స్టోర్ కాకుంటే ఇంకో స్టోర్ల పెట్టుకోరాదా?"

"పేరుకు ఉన్నయమ్మా. జనం పొయ్యేది దీనికే. కొత్త ఫోన్ డబ్బలకెల్లి తీసేసరికే ఇది అందుల ఉంటది. ఇది కాదని బయటికెల్లి తెచ్చుకుంటే ఎర్రక్షరాలు చూపెట్టి బెదిరిస్తది."

"అంటే మార్కెట్ గేటు వాళ్లదే."

"గేటు వాళ్లదే, లోపల కాంటా వాళ్లదే. ఎవరి పూలు ముందల కనిపియ్యాలెనో చెప్పేది గూడ వాళ్లే."

"మరి సర్కారు ఊకున్నదా?"

అవతల వరప్రసాద్ నిట్టూర్చాడు. "యూరప్ దిక్కు చట్టం చేసిన్రమ్మా, ఇంకో గేటు పెట్టుకోనియ్యాలె అని. మన దగ్గర గూడ అసొంటిదానికి ముసాయిదా రాసిన్రు. అది ఇంకా చట్టం కాలే. కమిషన్ల కేసు నడుస్తది, గాని ఏండ్లు పడ్తది. పూలు ఏండ్లు ఆగుతయా?"

పూలు ఒక్క పూట ఆగవని నిర్మలమ్మకు ఆయన చెప్పాల్సిన పని లేదు. ఇంటి వెనక పెంటకుప్ప మీద మూడు రోజుల బంతిపూలు కుళ్లి, ఆ వాసన వంటింటి దాకా వస్తోంది.

* * *

ఆ కుప్ప దగ్గరే బాలరాజ్ దొరికాడు. పరుగు నుంచి అప్పుడే వచ్చి చెమట తుడుచుకుంటున్నాడు. కానిస్టేబుల్ సెలక్షన్ జాబితాలో వాడి నంబర్ వచ్చి నెలైంది. పోలీసుల విచారణ ఒక్కటే మిగిలింది. కేసేమీ లేదని తేలితే నౌకరీ.

"చెప్పకు అవ్వా," అన్నాడు ఆమె నోరు తెరవకముందే.

"నేనేమన్నన్నా?"

"నీ మొకం చూస్తే తెలుస్తున్నది."

"ఎవడు చెప్పిండురా నిన్ను చెయ్యమని?"

"జన్వాడ ఫాంహౌజ్ సారు. మూడు నెలలు పని చేసిన గదా ఆడ. మంచి పేరున్న మనిషి ఒకలు కావాలె, ఖాతా తెరవాలె అన్నడు. మా బాపు సర్పంచ్ చేసిండు అన్న. అయితే ఎవరికి అనుమానం రాదు, మీ బాపు పేరే పెట్టు అన్నడు."

"పత్తాలాట అని నీకు తెల్సా?"

బాలరాజ్ కాలితో ఎండిన పూల తొడిమలను తొక్కాడు. "మొదాలు తెల్వదు."

"తర్వాత?"

"తెల్సింది. అప్పుడు పని మానేసిన."

"మానేసి మాకు చెప్పలే."

"చెప్తే బాపు చంపుతుండె. ఇంక ఇరవై దినాలు అవ్వా. విచారణ అయిపోతే అప్పుడు నేనే చెప్త. నీ మీద ఒట్టు. అప్పటిదాక వదినె ఆగలేదా? ఇంకో యాప్ పెట్టుకోరాదా? చదువుకున్నది, తెలివున్నది."

"ఇంకో దర్వాజా ఉంటే నిన్ను అడిగే పని ఏమున్నదిరా ఆమెకు?"

"చెప్పకు," అని మళ్లీ అన్నాడు. ఈసారి చిన్నప్పటి గొంతుతో.

ముందు వాకిట్లో ట్రాలీ ఆగింది. హరీష్ దిగి, అమ్ముడుపోని రెండు గంపలు భుజాన వేసుకుని వచ్చి కుప్ప మీద బోర్లించాడు. తమ్ముణ్ని చూశాడు. తల్లిని చూశాడు. బాలరాజ్ మెల్లగా లోపలికి జారుకున్నాడు.

"నువ్వు అడగవేందిరా వాణ్ని?" నిర్మలమ్మ గొంతు తగ్గించింది. "నీ పెండ్లాం దొంగ లెక్క తిరుగుతున్నది ఇంట్ల."

హరీష్ గంప అడుగున తట్టాడు. అంటుకున్న పూలు రాలాయి.

"అడిగితే చెప్తడవ్వా. చెప్తే అప్పుడు నేనేం చెయ్యాలె?"

* * *

పదకొండుకు ఐదు నిమిషాలు ఉండగా జంగయ్య తెల్ల అంగీ తొడుక్కుని, కండువా వేసుకుని వసారాలోకి వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. అంతయ్య మాట లోపల ఎక్కడో తగిలినట్టుంది. కుర్చీలో నిటారుగా, ఊళ్లో సభకు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

తెర మీద ఒక అమ్మాయి కనిపించింది. చెవులకు పెద్ద యంత్రం, వెనకాల తెల్లగోడ.

"నమస్కారమండీ జంగయ్య గారూ. నా పేరు జెన్నీ. స్టోర్ తరఫున మాట్లాడుతున్నాను. ఈ సంభాషణ రికార్డవుతుంది, మీకు అభ్యంతరం లేదు కదండీ?"

"నమస్తే బిడ్డా. నాకు దాచేది ఏం లేదు."

కార్డు చూపించాడు. పేరు చెప్పాడు. పూలగంప ఖాతా తనదేనన్నాడు, నడిపేది కోడలన్నాడు.

"పోయిన నవంబర్‌లో మీ పేరు మీద తెరిచిన రెండో ఖాతా కూడా మీదేనా అండీ?"

"కాదు. నాకు తెల్వదు."

"మీ ఆధార్, మీ నంబర్ వాడారు. మీ ఇంట్లోంచే జరిగినట్టుంది. ఎవరు చేసి ఉంటారు?"

జంగయ్య గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్ల కంప్యూటర్ తెల్సింది ఒక్కలకే."

ఝాన్సీ కుర్చీ వెనకే నిలబడి ఉంది. కళ్లు మూసుకుంది. హరీష్ స్తంభానికి ఆనుకుని కింది పెదవి కొరుక్కుంటున్నాడు. బాలరాజ్ లోపలి గదిలో ఉన్నాడు. తలుపు ఓరగా ఉంది.

"అంటే ఝాన్సీ గారే తెరిచారని రాసుకోమంటారా?"

ఇంత నేరుగా అడుగుతుందని జంగయ్య అనుకోలేదు. కండువా అంచు సర్దుకున్నాడు. కోడలి మీద కోపం ఒకటి, కోడలి పేరు ప్రభుత్వ కాయితంలాంటి దాని మీద పడడం ఒకటి. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో ఇప్పుడే చూసినవాడిలా కూర్చున్నాడు.

"సార్? వినిపిస్తుందా అండీ?"

"రాస్కోకు బిడ్డా," అంది నిర్మలమ్మ.

ఎప్పుడు లేచిందో, మొగుడి కుర్చీ పక్కకు వచ్చి ఫోన్ ముందు వంగింది. తెరలో తన మొహం మూలకు చిన్నగా కనబడింది. ఎవరిదో ముసలి మొహంలా ఉంది.

"మీరు ఎవరండీ?"

"నేను ఆయన పెండ్లాన్ని, నిర్మలను. ఆ దినం ఫోన్‌కు వచ్చిన నంబర్ చెప్పింది నేను."

"ఓటీపీ మీరు చెప్పారా? ఎవరికమ్మా?"

లోపలి తలుపు కొంచెం కదిలింది. నిర్మలమ్మ అటు చూడలేదు. చూస్తే నోట్లోంచి మాట రాదని తెలుసు.

"నా చిన్నకొడుకుకు. బాలరాజ్‌కు. కోడలికి ఇందుల ఏం సంబంధం లేదు. ఆమెకు తెల్వనే తెల్వదు."

జెన్నీ ఏదో టైపు చేసింది. చాలాసేపు చేసింది.

"థాంక్స్ అమ్మా. మీరు చెప్పింది నమోదు చేశాను. అయితే మాట ఒక్కటే సరిపోదండీ. మీ వివరాలు దుర్వినియోగం చేశారని పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీ డెబ్బై రెండు గంటల్లో మాకు పంపాలి. ఫిర్యాదులో ఆ వ్యక్తి పేరు ఉండాలి. అప్పుడే పూలగంప విషయం మళ్లీ చూస్తారు."

"పోలీసోళ్లెందుకు బిడ్డా? నీకు చెప్పిన గదా. తల్లిని చెప్పిన. చాలదా?"

తెర మీద అమ్మాయి ఒక్క క్షణం కిందికి చూసింది.

"నాకు అర్థమైందమ్మా. నా చేతిలో ఉన్నది ఈ ఫారం ఒక్కటే."

"చూస్తరు అన్నవ్. ఇస్తరు అనలే."

"అవునండీ. చూస్తారు."

ఫోన్ ఆగిపోయింది. మూడు రోజుల గడువు ఎప్పుడు ముగుస్తుందో చెప్తూ అప్పటికే ఒక మెయిల్ వచ్చి పడింది.

* * *

ఝాన్సీ అత్త వైపు తిరిగింది.

"ఎప్పటిసంది తెల్సు అత్తమ్మా నీకు?" అడిగింది ఝాన్సీ. గొంతులో కోపం కూడా లేదు.

"ఆరు దినాలు."

"ఆరు దినాలు నా చేతి బువ్వ తిన్నవ్. నన్ను ఊకో బిడ్డా, అంతా మంచిగైతది అన్నవ్."

నిర్మలమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జంగయ్య లేచి నిలబడ్డాడు. కండువా తీసి కుర్చీ మీద వేశాడు. "అయిపోయింది. ఈ ఇంటి మనిషి ఈ ఇంటి పిల్లగాని మీద ఠాణాకు పోదు. వానికి నౌకరీ వచ్చేటట్టున్నది. యాప్‌దేమున్నది? నిన్నమొన్నటిదాక పూలు మార్కెట్‌కు పోలేదా?"

"ఝాన్సీ సంగతేంది బాపు మరి?" తొమ్మిది రోజుల్లో హరీష్ తండ్రితో పెగల్చిన మొదటి మాట అది.

"ఏంది? సంగతి ఏంది?"

"నువ్వు ఇన్ని దినాలు దొంగ అన్నవ్ ఆమెను. ఇప్పుడు కాదని తేలింది. తప్పైంది అన్న ఒక్క మాట అనవా?"

"నేను పేరు తీసిన్నా?" అన్నాడు జంగయ్య. పొద్దున అన్న మాటే. దానిలో పొద్దున ఉన్న బలం లేదు.

"ఊకోండ్రి." ఝాన్సీ ల్యాప్‌టాప్ మూసింది. "ఠాణాకు పొండ్రని నేను అడగ. ఎట్ల అడగాలె? మరిదిని లోపలేయండ్రి, నా యాప్ నాకియ్యండ్రి అనాల్నా? పోయి ఫిర్యాదు ఇచ్చినా వాళ్లు చూస్తరంట. చూసి వద్దంటే పిల్లగాడు పాయె, గంపా పాయె." ఆమె మెట్టు మీద కూర్చుంది. "అంతయ్య పెదనాయనకు చెప్పండ్రి, వ్యానుకే ఏసుకొమ్మని. నాకు చాతనైతలేదు ఇగ."

కోడలు కేకలేసి ఉంటే నిర్మలమ్మ తట్టుకునేదే. ఇట్లా వదిలేసుకుంటే తట్టుకోవడం ఎట్లాగో ఆమెకు తెలియలేదు. పోయి పక్కన కూర్చుందామని మెట్టు దాకా వచ్చి ఆగింది.

లోపలి తలుపు పూర్తిగా తెరుచుకుంది.

బాలరాజ్ ప్యాంటు, అంగీ వేసుకుని ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో వాడి సర్టిఫికెట్లు. ఎవరి మొహమూ చూడకుండా తల్లి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, బండి తాళం ఇయ్యి."

"ఇయ్యకు," అన్నాడు జంగయ్య.

"ఎటు పోతవురా?" అంది నిర్మలమ్మ.

"ఇయ్యి."

"మొయినాబాద్ ఠాణాకా? జన్వాడకా? ఆ సారు దగ్గర్కి పోయి దాక్కుంటవా? చెప్పి పో."

వాడి కంట్లో నీళ్లు తిరిగాయి. హరీష్ ముందుకొచ్చాడు. "నడువు తమ్మీ, నేను వస్త నీతోని."

"నువ్వు రాకన్నా. నువ్వు వస్తే నాతోని కాదు."

ఏది కాదో వాడు చెప్పలేదు. మెట్టు మీద ఝాన్సీ తల ఎత్తి మరిదిని చూసింది. పో అనలేదు, పోవద్దనీ అనలేదు.

నిర్మలమ్మ కొంగు ముడి విప్పింది. తాళం కొడుకు అరచేతిలో పెట్టింది.

"నిమ్మీ!" అని అరిచాడు జంగయ్య. ఆ పేరుతో ఆయన పిలిచి ముప్పై ఏళ్లు అయి ఉంటుంది. అరిచినవాడు మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

బండి స్టార్టయింది. గేటు దాటింది. వాళ్లది ఊరి చివరి ఇల్లు. అక్కణ్నుంచి రెండు చేల అవతల, మలుపులో దారి రెండుగా చీలుతుంది. ఒకటి మొయినాబాద్ ఠాణా దిక్కు, ఒకటి జన్వాడ దిక్కు. జొన్నచేను అడ్డం ఉండడం వల్ల మనిషి కనబడడు. చప్పుడు మాత్రం వినబడుతుంది. ఎటు తిరిగితే అటు సన్నబడుతుంది.

నలుగురూ వింటున్నారు. ఎవరూ వింటున్నట్టు ఒప్పుకోవడం లేదు.

మలుపు దగ్గర బండి వేగం తగ్గింది. తర్వాత ఆగింది. ఇంజిన్ బందు కాలేదు, డుగుడుగుమంటూ అక్కడే ఉంది. నిర్మలమ్మ గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది. ఆ చప్పుడు అటూ పోవడం లేదు, ఇటూ పోవడం లేదు, ఇంటికీ రావడం లేదు.